నిమ్మకాయ అయివారు

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు అరవై ఏళ్ళు దాటవలసి వచ్చింది. పక్కింటివాడు మిద్దె కట్టినా, తోటి ఉపాధ్యాయుడు నాకంటే ముందు హెడ్మాస్టరయినా నాకేమీ అనిపించలేదు. కానీ ఒక మనిషి నలుగురిలోకి పోయి, నోరు తెరిచి, చక్కగా నాలుగు మాటలాడి, ఎదుటివాళ్ళను నవ్వించి వచ్చాడంటే మాత్రం నా కడుపులో మంట మొదలవుతుంది. ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా, మా వైపు మాటలో అయివారుగా, పనిచేసినవాణ్ణి. మాటలు నా సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. ఆ ఆస్తిని నా కళ్ళెదుటే దర్జాగా అనుభవించిన మనిషి నా తోడల్లుడు. మా వైపు షడ్డకుడంటారు.

ఆయన మా ఆవిడ అక్క భర్త. గోస్పాడు దగ్గర పల్లె నుంచి వచ్చి నంద్యాలలో గుడ్డలంగడి పెట్టాడు. చదువు ఎనిమిదో తరగతితో సరి. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. పైకి అన్నా అని పిలిచేవాణ్ణి. లోపల ఏమని పిలిచేవాణ్ణో ఇక్కడ రాయను.

ఆయనకు ఒక విద్య ఉండేది. ప్రయాణంలో ఎక్కడ ఏ నాయకుడు తటస్థపడినా నేరుగా దగ్గరికి పోయి పలకరించి వచ్చేవాడు. డెబ్బయ్యో దశకంలో నాయకులు అద్దాలు మూసిన కార్లలో తిరిగేవాళ్ళు కాదు. నంద్యాల స్టేషన్లో ప్యాసింజరు బండి కోసం బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్ళు. జీపు చెడిపోతే చెయ్యి ఎత్తి ఎర్రబస్సు ఆపి ఎక్కేవాళ్ళు. కాబట్టి ఎవరైనా ఎదురుపడవచ్చు. కానీ నాకు ఎదురుపడితే నేను గోడ వైపు తిరిగి గోడ మీది ప్రకటనలు చదివేవాణ్ణి. ఆయనకు ఎదురుపడితే పది నిమిషాల్లో వాళ్ళ ఇంట్లో ఎవరికి మోకాళ్ళ నొప్పులో కూడా తెలుసుకుని వచ్చేవాడు.

మొదటిసారి నేను కళ్ళారా చూసింది నంద్యాల స్టేషన్లోనే. గిద్దలూరులో మా ఆవిడ తరఫు పెళ్ళికి ఇద్దరం పోతున్నాం. బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, చుట్టూ నలుగురైదుగురు. ఆయన పేరూ పదవీ చెప్పను. మా ఉపాధ్యాయుల బదిలీ కాగితాలు ఆయన ఊ అంటే లేచేవి, అనకపోతే పడుకునేవి. ఆ మాత్రం చాలు.

నా జేబులో దరఖాస్తు ఉంది. ఆ ఒక్క రోజే కాదు, ఆ సంవత్సరమంతా నా జేబులో దరఖాస్తు ఉండేది. 'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి, ఒక్క అక్షరదోషం లేకుండా, రెండు పేజీలు రాసుకున్నాను. నాకు కావలసింది పాములపాడు నుంచి ఆళ్లగడ్డకు బదిలీ.

ఎందుకో చెప్పాలి. మా ఆవిడ ఆళ్లగడ్డ ఆడపిల్లల బడిలో కుట్లు నేర్పే టీచరు. ఇద్దరు ఆడపిల్లలూ ఆమె దగ్గరే. నేను పాములపాడులో ఒక గది తీసుకుని కిరోసిన్ పొయ్యి మీద వండుకునేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కితే ఆత్మకూరు, వెలుగోడు, బండి ఆత్మకూరు అన్నీ ఆగి ఆగి నంద్యాల. అక్కడ బస్సు మారి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవాళ్ళు. ఆదివారం సాయంత్రం మళ్ళీ సంచీ సర్దుకోవాలి. పెద్దపిల్ల సరే, నన్ను ఎరుగును. చిన్నదానికి అప్పటికి మూడేళ్ళు. ఒక శనివారం నేను గడప తొక్కగానే అది లోపలికి పరుగెత్తి, "అమ్మా, ఆయప్ప వచ్చినాడు" అంది.

ఆయప్ప అంటే మా వైపు ఎవరో మగమనిషి అని అర్థం. పాలవాడు ఆయప్ప, పోస్టుమాన్ ఆయప్ప. మా ఆవిడ నవ్వేసింది. నేను కూడా నవ్వాను. ఆ రాత్రి అన్నం దిగలేదు.

అదే పిల్ల నా తోడల్లుణ్ణి చూస్తే "పెద్దనాయనా" అని వీధి చివరి నుంచే అరిచేది. ఆయన సరుకు పని మీద పది రోజులకోసారి ఆళ్లగడ్డ వచ్చేవాడు. వస్తే దానికి గౌనుకు సరిపడా గుడ్డముక్క తెచ్చేవాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంగడి కబుర్లు చెప్పేవాడు. నా బిడ్డ నా మాటలకంటే ఆయన మాటలే వింటుందని నాకు ఒళ్ళు మండేది. దీన్ని అసూయ అనకుండా పిల్ల మీద ప్రేమ అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

సరే, స్టేషన్ సంగతి. నేను దరఖాస్తు మీద చెయ్యి వేసుకుని, సామాను బండి వెనక నిలబడి, మొదటి వాక్యం నాలిక మీద తిప్పుకుంటున్నాను. 'అయ్యా, తమ దర్శనభాగ్యం కలగడం నా పూర్వజన్మ సుకృతం.' ఈలోగా నా తోడల్లుడు చొక్కా జేబులోంచి ఒక నిమ్మకాయ తీశాడు.

మా వైపు పెద్దవాళ్ళను చూడటానికి ఉత్త చేతులతో పోరు. దండ, పండ్లు తీసుకుపోలేని మనిషి ఒక నిమ్మకాయ చేతిలో పెట్టి దండం పెడతాడు. కొత్త సంవత్సరం నాడు ఆఫీసర్ల బల్లల మీద నిమ్మకాయలు గుట్టలు పడేవి. నా తోడల్లుడు పొద్దున అంగట్లో దేవుడి పటం ముందు పెట్టిన నిమ్మకాయను ఊరికి పోయేటప్పుడు జేబులో వేసుకునేవాడు. ఎవరు ఎదురుపడతారో ఎవరికి తెలుసు అనేవాడు.

ఆయన పోయి, చెప్పులు పక్కన విడిచి, ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకుని, అరచేతిలో నిమ్మకాయ పెట్టుకుని చాచాడు. పెద్దాయన తీసుకునేదాకా నోరు మెదపలేదు. తీసుకున్నాక అన్నాడు.

"బాగుండావా అన్నా? పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

పెద్దాయన తలెత్తి చూశాడు. "యాడ తినేది? పొద్దన్నించి మీటింగులే."

"మొగం చూస్తే తెలుస్తాండాది. మా ఇంటి సద్దరొట్టె ఉండాది, బుడ్డల పొడి ఉండాది. దాపుకు పోయి తిను."

పెళ్ళికి పోతూ దారిలో తినమని మా వదిన కట్టిచ్చిన సజ్జరొట్టె, వేరుశనగపొడి మూట అది. అందులో సగం నా వాటా. నన్ను ఒక్క మాట అడక్కుండా ఆ మూట పెద్దాయన ఒళ్ళో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరెవరో బదిలీలు, లైసెన్సులు, బోరుబావులు అడుగుతున్నారు. ఈయన ఏమీ అడగలేదు. "వస్తానన్నా, బండొచ్చే టైమాయ" అని, ఇంకా పొమ్మనకముందే లేచి వచ్చేశాడు. పెద్దాయన రొట్టె విరుచుకుంటూ, "ఎవరప్పా ఆయన? యా ఊరు?" అని పక్కవాణ్ణి అడగడం సామాను బండి వెనక నాకు వినిపించింది.

నా దరఖాస్తు జేబులోనే ఉండిపోయింది. గిద్దలూరు దాకా అడవి మధ్యలో బండి పోతుంటే నేను కిటికీలోంచి చూస్తూ ఆకలితో కూర్చున్నాను.

"ఏమీ అడగకపోతివే?" అన్నాను చివరికి, ఉండబట్టలేక.

"ఏందడగల్ల? మొదటి తూరి చూసినప్పుడే అడుగుతారా ఎవరైనా? ముందు మనమే లేసి రావల్లప్పా. పెద్దోళ్ళకు వచ్చేటోళ్ళతో ఇబ్బంది లేదు, పోనోళ్ళతోనే ఇబ్బంది."

ఎనిమిదో తరగతి మనిషి నాకు మర్యాద పాఠం చెబుతున్నాడు. నేను ఊఁ అన్నాను. పెళ్ళిలో ఆయన ఆ పెద్దాయనతో మాట్లాడిన సంగతి నలుగురూ చెప్పుకుంటుంటే, నేను విస్తరి ముందు నుంచి సగంలో లేచాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ మెల్లిగా అంది. "బావను ఒక మాట అడిగితే అయిపోతాది కదా. ఆయన మాట వాళ్ళు వింటాండారు."

"నా పని నేను చేసుకుంటా. మీ బావ కాళ్ళు పట్టుకోవాల్సిన గతి నాకు పట్టలేదు" అన్నాను. కాళ్ళు పట్టుకోమని ఆమె అనలేదు. ఒక మాట అడగమంది. కానీ నాకు రెండూ ఒకటిగానే వినిపించాయి. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చిన్నదానికి జడ వేస్తూ కూర్చుంది.

ఆ తర్వాత నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. నేను కూడా జేబులో నిమ్మకాయ పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. ప్రతి శనివారం నంద్యాల బస్టాండులో ఒక నిమ్మకాయ కొనేవాణ్ణి. పాములపాడు గదిలో అద్దం ముందు నిలబడి, ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకుని చాచడం సాధన చేశాను. ఆయన చాచినప్పుడు ఎంత తేలిగ్గా ఉండేదో, నేను చాస్తే అంత బిగుసుకుపోయేది. ఎవరూ ఎదురుపడక సోమవారానికి ఆ నిమ్మకాయతో చారు పెట్టుకునేవాణ్ణి. అలా ఏడాది గడిచింది.

ఎనభయ్యో దశకం అప్పుడే మొదలైంది. ఎండాకాలం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన ఒక జీపు బానెట్ ఎత్తి నిలబడి ఉంది. ఎవరో చెయ్యి ఎత్తారు. బస్సు ఆగింది. ఎక్కింది ఆ పెద్దాయనే. ఒక్కడే ఎక్కాడు, మనుషులను జీపు దగ్గర వదిలేసి.

బస్సులో కలకలం. కండక్టరు ముందుకు రమ్మంటున్నాడు. జనం లేచి నిలబడుతున్నారు. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. "ఇక్కడ కూర్చోండయ్యా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నా కిటికీ సీట్లో కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

జేబులో ఒక పక్క దరఖాస్తు, ఒక పక్క నిమ్మకాయ. చెప్పులు విడిచాను. ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకుని నిమ్మకాయ చాచాను. కుదుపుకు అది ఇంచుమించు కింద పడబోయింది.

ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అప్పుడు గమనించాను, ఆయన మొహం పాలిపోయి ఉంది. నుదుట చెమటలు. ఆయన ఆ నిమ్మకాయ తొక్కను గోరుతో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు.

"బంగారట్ల పని చేసినావప్పా. ఎండకు, ఈ కుదుపులకు కడుపులో తిప్పుతాండాది. ఇంగ రెండు నిమిషాలైతే కక్కుకునేటోణ్ణి."

బస్సులో వాంతి రాకుండా వాసన చూసే నిమ్మకాయ అనుకున్నాడాయన. మర్యాదకిచ్చిందని కాదు. ఏడాది పాటు అద్దం ముందు సాధన చేసిన నా మర్యాద ఆయన ముక్కు దగ్గర వాంతి మందయింది. ముందు నాకు తల కొట్టేసినట్లయింది. కానీ ఆయన మొహంలోకి మెల్లిగా రంగు వస్తుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూస్తుంటే, లోపల ఏదో పొంగింది. ఇది నా నిమ్మకాయ. నేనిచ్చింది. ఈసారి నా తోడల్లుడు ఇక్కడ లేడు.

"ఏం చేస్తాండావప్పా?" అన్నాడు పెద్దాయన, కళ్ళు తెరిచి.

"తెలుగు పండితుణ్ణి అయ్యా. పాములపాడులో."

"పాములపాడా? మరి ఇట్ల యాడికి పోతాండావ్?"

"ఆళ్లగడ్డకు. పిల్లలు అక్కడ ఉన్నారు."

నా చెయ్యి దరఖాస్తు మీదికి పోయింది. మొదటి వాక్యం నాలిక చివర సిద్ధంగా ఉంది. ఆయన నా మొహంలోకి పరీక్షగా చూశాడు.

"ఏమప్పా, నంద్యాలలో గుడ్డలంగడాయన ఉండాడే, గోస్పాడు మనిషి, ఎప్పుడు చూసినా తిన్నావా అని అడుగుతాడు. ఆయప్ప నీకేమైతాడు?"

ఆ క్షణం నా కడుపులో లేచిన మంట గురించి ఇప్పుడు కూడా సిగ్గు లేకుండా రాయలేను. నా బస్సు, నా సీటు, నా నిమ్మకాయ. అయినా ఆ పెద్దాయన నోట వచ్చింది ఆయన మాటే. ఇక్కడ కూడా ఆయనే. నా బిడ్డ నోట పెద్దనాయన, ఈయన నోట గుడ్డలంగడాయన. నేనెవరి నోటా లేను.

"ఏమీ కాడు" అన్నాను. అది చాలనట్టు ఇంకో మాట కూడా అన్నాను. "ఆయనెవరో నాకు తెలియదు."

"అట్లనా" అని పెద్దాయన మళ్ళీ నిమ్మకాయ వాసన చూసుకున్నాడు. "ఆయప్ప షడ్డకుడెవరో ఆత్మకూరు పక్క అయివారంట. బిడ్డలు ఆళ్లగడ్డలోనంట. చిన్నపాప నాయన్ను గుర్తు పట్టకుండా ఆయప్ప అంటాదంట. ఆ మాట చెప్పి కండ్లలో నీళ్ళు పెట్టుకున్నాడు, చూడు. ఇన్ని తూర్లు కలిసినా ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే. పేరు రాసిచ్చిన చీటీ నేను యాడనో పోగొట్టుకున్నా. నువ్వు పాములపాడు అంటే, ఆ అయివారు నువ్వేనేమో అనుకున్నా."

బస్సు పోతూనే ఉంది. చెట్లు పోతూనే ఉన్నాయి. నేనే అయ్యా ఆ అయివారిని, అబద్ధమాడాను, అని ఒక్క మాట అనాలి. రెండు పేజీల దరఖాస్తు రాసిన చేతికి, పద్యాలు చెప్పే నోటికి ఆ ఒక్క మాట రాలేదు. అంటే ఎందుకబద్ధమాడావని అడుగుతాడు. ఏం చెప్పను? ఓర్వలేక అని చెప్పనా?

"నీకేమన్నా పనుంటే చెప్పప్పా. ప్రాణం నిలబెట్టినావు" అన్నాడాయన.

"ఏమీ లేదయ్యా. ఊరికే" అన్నాను.

ఆళ్లగడ్డలో దిగేటప్పుడు ఆయన నా భుజం తట్టి, "నిమ్మకాయ మాత్రం సమయానికిచ్చినావు అయివారూ" అన్నాడు. ఆ సాయంత్రం గడపలో చిన్నది ఎదురుపడి, ఎప్పటిలాగే లోపలికి పరుగెత్తింది. అదేమందో నేను వినదలచుకోలేదు.

చిన్నది నన్ను ఆయప్ప అన్న సంగతి మా ఆవిడే అక్కకు చెప్పి, అక్క నా తోడల్లుడికి చెప్పి ఉంటుంది. నేను అడగలేదు. అడిగితే బస్సు సంగతి బయటికి వస్తుంది. వారం రోజులు నిద్ర లేదు. మరుసటి శనివారం నంద్యాలలో బస్సు మారేటప్పుడు, ఎప్పటిలాగే టీ తాగిపోదామని ఆయన అంగడికి పోయాను. పోకపోతే అనుమానం వస్తుందని పోయాను. ఆయన రవికగుడ్డ తాను విప్పి ఎవరికో చూపిస్తున్నాడు. వాళ్ళు పోయాక టీ తెప్పించి, నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"మొన్న పెద్దాయన స్టేషన్లో కనపడినాడు" అన్నాడు. "నీ బదిలీ చీటీ పోగొట్టినాడంట. మళ్ళీ రాసిచ్చినా. ఈ తూరి ఆయన జేబులో నేనే పెట్టినా."

నేను టీ గ్లాసులోకి చూశాను.

"ఇంగొకటి చెప్పినాడు. ఆళ్లగడ్డ బస్సులో ఎవరో అయివారు నిమ్మకాయిచ్చి ప్రాణం కాపాడినాడంట. పాములపాడేనంట. నేనెవరో తెల్దన్నాడంట."

నా చొక్కా జేబులో ఆ రోజు కొన్న నిమ్మకాయ ఉబ్బెత్తుగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకున్నాను, గుండె పట్టుకున్నవాడిలా. ఆయన ఆ చేతి వైపు ఒకసారి చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"పోనీలే. నంద్యాలలో ఇంతమంది గుడ్డలంగడోళ్ళం ఉండాం. అందరికీ నేను తెలియల్లనా ఏంది? టీ సల్లారిపోతాండాది, తాగు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆయనకు తెలిసిందా లేదా అని ఆళ్లగడ్డ దాకా ఆలోచించాను. తెలిసింది. తెలిసి కూడా అలా మాట్లాడగలిగాడే అని, చేసిన తప్పుకు సిగ్గుపడవలసిన మనిషిని, మళ్ళీ ఆయన మాటను చూసి కుళ్ళుకున్నాను.

వేసవి సెలవులు అయ్యేలోగా బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆళ్లగడ్డకు. మా ఆవిడ ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టి నా మొహం చూసింది. ఎవరి వల్ల వచ్చిందో ఇద్దరికీ తెలుసు. పేరు ఇద్దరం ఎత్తలేదు.

పాములపాడులో గది ఖాళీ చేసి, ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, కిరోసిన్ పొయ్యితో నంద్యాలలో దిగాను. నా తోడల్లుడు అంగడి మూసి బస్టాండుకు వచ్చాడు. ఆళ్లగడ్డ దాకా తోడు వస్తానన్నాడు. ట్రంకు ఆయనే మోశాడు. వద్దనే అర్హత కూడా నాకు లేదు.

టీ బంకు ముందు ఆయన ఆగిపోయాడు. "ఉండుండు. పెద్దాయన ఈడనే ఉండాడు. పని అయినాంక కనపడకపోతే తప్పు."

నేను పరుపు చుట్టను భుజానికెత్తి మొహం దాచుకోబోయాను. జీపు చక్రం మారుస్తుంటే పెద్దాయన బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇటు తిరిగాడు. ముందు నన్నే చూశాడు.

"ఓయ్, నిమ్మకాయ అయివారూ!" అన్నాడు సంతోషంగా. ఆ తర్వాత ట్రంకు పెట్టె మోసుకుని నా పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. ఆయన మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. "ఏమప్పా? ఈయప్ప నీకేమీ కాడంటివే? తెల్దంటివే?"

బస్టాండు మొత్తం నా వైపే చూస్తున్నట్లు అనిపించింది. నా తోడల్లుడు పెట్టె కింద దించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు.

"అప్పుడు మాకు మాటల్లేవన్నా. తప్పు నాదే. పెద్దామెకు మంచి చీర పెట్టి చిన్నామెకు సాదాది పెట్టినా. ఆరు నెలలు ఆయన నా అంగడి గడప తొక్కలేదు. కోపంలో ఎవడన్నా అట్లనే అంటాడు."

ఆ చీరల గొడవ ఎప్పుడూ జరగలేదు. ఆయన మా ఆవిడకు ఎప్పుడూ వదిన చీరతో సమంగానే పెట్టేవాడు. అబద్ధం ఆయన నోట ఎంత సులువుగా, ఎంత నిజంగా వచ్చిందో. తెలుగు పండితుడికి కూడా అలాంటి వాక్యం తట్టదు.

పెద్దాయన పగలబడి నవ్వాడు. "అక్కచెల్లెండ్ల చీరల్లో ఎవుడు తల దూరుస్తాడప్పా!" అని నా వైపు తిరిగాడు. "బిడ్డ కాడికి పో. ఇంగ గుర్తు పడతాదిలే." నా తోడల్లుడు జేబులోంచి నిమ్మకాయ తీసి, మోచేయి పట్టుకుని చాచాడు. "తిన్నావా అన్నా?" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ పొమ్మనకముందే పెట్టె ఎత్తుకున్నాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. శిరివెళ్ల వచ్చింది, పోయింది. ఎందుకట్లన్నావని ఆయన అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. ఈ ఏడాది పత్తి ధర గురించి, గోస్పాడులో ఒక బావి పూడిపోయిన సంగతి గురించి మాట్లాడుతూ వచ్చాడు. అన్నా, తప్పయిపోయింది అని నేను నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లూ టికెట్టు కోసమో, నీళ్ళ కోసమో తెరిచినట్టు మూసుకున్నాను.

ఆళ్లగడ్డలో మా వీధి మలుపు తిరిగేసరికి చిన్నది అరుగు మీద ఉంది. "పెద్దనాయనా!" అని పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను దాటుకుని ఆయన కాళ్ళను చుట్టేసుకుంది. ఆయన పెట్టె దించి దాన్ని ఎత్తుకున్నాడు. అది ఆయన భుజం మీది నుంచి నా వైపు, నా పరుపు చుట్ట వైపు, నా కిరోసిన్ పొయ్యి వైపు చూసింది.

"పెద్దనాయనా, ఈయప్ప ఇంగ పోడా?"

"పోడమ్మా. ఇంగ ఈడనే ఉంటాడు."

"ఈయప్ప నాకేమైతాడు?"

మా ఆవిడ గడపలో నిలబడి ఉంది. నేను వీధిలో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడకుండా, పిల్ల జుట్టు సవరిస్తూ అన్నాడు.

"నీకు నాయనైతాడమ్మా." పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "నాక్కూడా ఏదో ఒకటి అయితాడు."

అని పిల్లను నా చేతికిచ్చి, అంగడి చూసుకోవాలని చెప్పి, వచ్చిన బస్సుకే తిరిగి పోయాడు. కాఫీ తాగిపొమ్మని మా ఆవిడ పిలుస్తున్నా ఆగలేదు. పిల్ల నా చేతుల్లో బిగుసుకుని, ఆయన పోయిన వైపే చూస్తోంది. ఏదో ఒకటి అవుతాడన్న ఆ మాట, ఆ రోజు బస్సులో, ముందు నేను అనవలసింది. ఇప్పటికీ నాకు ఆయన మీద ఉన్న కడుపుమంటల్లో అన్నిటికంటే పెద్దది అదే.